అప్పు తీరింది, పత్రం ఇల్లు చేరిందా?

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయననే మనం స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, మన పాపాలకు ఆయన క్షమాభిక్షనే కోరుకుంటున్నాము. అల్లాహ్ తప్ప వేరొక ఆరాధ్యుడు లేడనీ, ముహమ్మద్ (స) ఆయన దాసుడూ, సందేశహరుడూ అనీ సాక్ష్యమిస్తున్నాము. ఆ మహనీయునిపై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

ధర్మసోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందు నా మనస్సుకూ, ఆ తరువాత మీకూ ఉపదేశిస్తున్నాను. భయభక్తులు నమాజు చాపకే పరిమితమైనవి కావు. ఇచ్చిపుచ్చుకునే చోట, లెక్క రాసే చోట, సంతకం పెట్టే చోట అవి మనతో ఉంటేనే నిజమైన భయభక్తులు.

అప్పు గురించి ఈ మింబరు మీద నుంచి మీరు అనేకసార్లు విన్నారు. అవసరం లేని అప్పు చేయరాదని విన్నారు. చేసిన అప్పును గడువులోగా తీర్చాలని విన్నారు. అప్పుతో మరణించిన విశ్వాసి ఆత్మ ఆ అప్పు తీరేవరకు దానికి తగులుకొని ఉంటుందని తెలిపే హదీసునూ విన్నారు. అయితే అప్పు తీరిన మరునాడు ఏమి జరగాలన్న సంగతి మనం మాట్లాడుకోవడం అరుదు. చివరి కంతు కట్టి, రసీదు జేబులో వేసుకొని, అల్హందులిల్లాహ్, భారం దిగిందని ఇంటికి వచ్చేస్తాము. నిజానికి దిగింది సగం భారమే. మన సొమ్ము వారికి చేరింది. వారి దగ్గర ఉన్న మన పత్రం మనకు చేరలేదు. ఈనాటి ప్రసంగం ఆ మిగిలిన సగం గురించి.

సోదరులారా! మనది కరువు పీఠభూమి. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూసే నేల ఇది. బోరు వేస్తే నీరు పడుతుందో లేదో అల్లాహ్‌కే ఎరుక. పంట పండిన ఏడు సంతోషం. ఎండిన ఏడు ఏదో ఒకటి కుదువ పెట్టక తప్పదు. పొలం పాసుపుస్తకం ఒకచోట, ఇంటి దస్తావేజు మరొకచోట, ఆటో ఆర్.సీ. మీద ఫైనాన్సు వారి పేరు, ఆడబిడ్డ నగ బంగారు అప్పుల దుకాణంలో. బతుకు మన ఇంట్లో ఉంది. ఆ బతుకుకు సంబంధించిన పత్రాలు మాత్రం పరుల బీరువాల్లో ఉన్నాయి.

మన లేపాక్షి ఆలయంలో నేలను పూర్తిగా తాకని రాతిస్తంభం ఒకటి ఉంది. దాని కింద గుడ్డ దూర్చి చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. స్తంభం అలా ఉంటే చూసేవారికి వింత. ఇల్లు అలా ఉంటే అందులో నివసించేవారికి ప్రమాదం. గోడలు నీవి, పైకప్పు నీది, చెమటోడ్చి అప్పు తీర్చింది నీవు. కాని పత్రం నీ చేతికి రానంతవరకు ఆ ఇంటి ఆధారం నేలను తాకలేదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. మన చుట్టూ తరచుగా జరిగేదే. ఆటో నడుపుకునే సోదరుడు చివరి కంతు కట్టేశాడు. మూడేళ్ల తరువాత ఇంట్లో జబ్బు వచ్చి ఆటో అమ్మబోయాడు. కొనేవాడు ఆర్.సీ. చూసి, "భాయ్, దీనిపై ఇంకా ఫైనాన్సు ఉంది కదా!" అన్నాడు. అప్పు లేదు, కాని అప్పు గుర్తు ఉంది. అప్పిచ్చిన సంస్థ వారి శాఖ ఎప్పుడో మూతపడింది. రసీదులలో సగం చినిగిపోయాయి. తీర్చిన అప్పును తీర్చానని రుజువు చేసుకోవడానికి ఆ పేదవాడు పనులు మానుకొని తిరగవలసి వచ్చింది.

ఇటువంటి స్థితి రాకూడదనే దివ్యఖుర్‌ఆన్ మనకు వ్రాతను నేర్పింది. ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్ ఏదో మీకు తెలుసు. అది సూరహ్ బఖరాలోని 282వ ఆయత్. అది అప్పు పత్రం గురించి అవతరించింది. గడువు పెట్టుకొని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలని, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, బాధ్యత ఎవరిమీద ఉందో అతడే చెప్పి వ్రాయించాలని, సాక్షులను పెట్టుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి బద్ధకించరాదని అందులో అల్లాహ్ ఆదేశించాడు. ఆ వెంటనే 283వ ఆయత్‌లో కుదువ ప్రస్తావన వచ్చింది. ప్రయాణంలో ఉండి వ్రాసేవాడు దొరకకపోతే కుదువ వస్తువు స్వాధీనం చేయవచ్చుననీ, ఒకరినొకరు నమ్మితే నమ్మకం పొందినవాడు ఆ అమానత్‌ను అప్పగించి తీరాలనీ, సాక్ష్యాన్ని దాచరాదనీ అల్లాహ్ సెలవిచ్చాడు.

గమనించండి. అప్పు మొదలయ్యేటప్పుడు వ్రాతను ఆజ్ఞాపించిన ధర్మం, అప్పు ముగిసేటప్పుడు వ్రాతను వదిలేయమని చెబుతుందా? ఉద్దేశ్యం ఒక్కటే: హక్కు సందేహంలో పడరాదు. అప్పు తీరాక కూడా పాత పత్రం అప్పిచ్చినవాడి దగ్గరే ఉంటే, అది జరిగిపోయిన దానికి విరుద్ధంగా పలికే సాక్షి అవుతుంది.

కుదువ పెట్టడం అవమానం కాదు. దైవప్రవక్త (స) తమ ఇంటివారి కోసం మదీనాలో ఒక యూదుని వద్ద యవలు తీసుకొని, తమ ఇనుప కవచాన్ని కుదువ పెట్టారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. బుఖారీలో ఈ హదీసు ఉంది. ఆయన లోకాన్ని వీడే నాటికి ఆ కవచం కుదువలోనే ఉంది. అందుచేత కుదువ పెట్టిన సోదరుణ్ణి ఎవరూ చులకన చేయరాదు. అయితే కుదువ వస్తువు అప్పిచ్చినవాడి సొత్తు కాదు. పెట్టినవాడి నుంచి కుదువ జారిపోదని, యజమానికి దానిపై హక్కు పోదని మన ధర్మం స్పష్టం చేసింది. అజ్ఞానకాలంలో గడువు దాటితే వస్తువు అప్పిచ్చినవాడిదే అయ్యేది. ఇస్లాం ఆ అన్యాయాన్ని కొట్టివేసింది.

మన హనఫీ ఫిఖ్హ్ పండితులు ఇంకొక అడుగు ముందుకు వేశారు. అప్పు మొత్తం చెల్లింది, కాని వస్తువు ఇంకా తిరిగి ఇవ్వలేదు. ఆ మధ్యలో అది అప్పిచ్చినవాడి దగ్గర నాశనమైతే ఏమిటి? వస్తువు విలువ అప్పుకు తగినదైతే, అతడు పుచ్చుకున్న సొమ్మును తిరిగి ఇవ్వవలసిందేనని వారు తీర్పు చెప్పారు. అంటే సొమ్ము చేతిలో పడగానే అతని బాధ్యత తీరలేదు. వస్తువు యజమాని చేతిలో పడినప్పుడే తీరుతుంది. మద్రసాలో ఈ మస్‌అలా చదివే విద్యార్థికి ఇది ఏదో పాతకాలపు కవచం, కత్తి, గుర్రం లెక్కగా కనిపిస్తుంది. కాని ఈనాటి ఇంటి దస్తావేజుకూ, పొలం పాసుపుస్తకానికీ ఇందులోని న్యాయం అక్షరాలా వర్తిస్తుంది.

అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పగించమని సూరహ్ నిసాలోని 58వ ఆయత్ ఆదేశిస్తుంది. ఈ ఆయత్ నేపథ్యంగా తఫ్సీర్ గ్రంథాలు ఒక సంఘటనను పేర్కొంటాయి. హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా జయించబడింది. కాబా గృహపు తాళపుచెవి ఉస్మాన్ బిన్ తల్హా వంశీకుల వద్ద ఉండేది. ఆ రోజు అది మహాప్రవక్త (స) చేతికి వచ్చింది. నగరం ఆయనది, సైన్యం ఆయనది, కాదనగలవాడు లేడు. తమ కుటుంబీకులే ఆ గౌరవాన్ని కోరారు. అయినా ఆయన ఉస్మాన్ బిన్ తల్హాను పిలిపించి తాళపుచెవిని తిరిగి ఆయన చేతికే ఇచ్చారు. ఆ తాళపుచెవి ఆ వంశంలోనే తరతరాలుగా కొనసాగింది. సోదరులారా, బలం ఎవరి చేతిలో ఉందన్నది ప్రశ్న కాదు. అమానత్ ఎవరిదన్నదే ప్రశ్న. పత్రం బీరువాలో పెట్టుకున్న సంస్థ ఎంత పెద్దదైనా, పత్రం కోసం గుమ్మం దగ్గర నిలబడ్డ కూలి ఎంత చిన్నవాడైనా న్యాయం ఇదే.

కంతులు కట్టిన మనిషి హక్కు గురించి ఒక గొప్ప ఘట్టం హదీసు గ్రంథాలలో ఉంది. బరీరా (రజి) ఒక బానిస స్త్రీ. ఏటా ఒక్కొక్క ఊఖియా చొప్పున తొమ్మిదేళ్లలో తొమ్మిది ఊఖియాల వెండి చెల్లించి స్వేచ్ఛ పొందేలా ఆమె తన యజమానులతో ఒప్పందం వ్రాసుకున్నది. సహాయం కోరుతూ హజ్రత్ ఆయిషా (రజి) వద్దకు వచ్చింది. మొత్తం ఒకేసారి చెల్లించి విడిపిస్తానని ఆయిషా (రజి) అన్నారు. సొమ్ము తీసుకోవడానికి యజమానులు సిద్ధమే. కాని విడిపించినవారికి చెందవలసిన 'వలా' అనే హక్కు మాత్రం తమకే ఉండాలని షరతు పెట్టారు. అప్పుడు మహాప్రవక్త (స) జనుల ముందు నిలబడి ప్రసంగించారు. దైవగ్రంథానికి విరుద్ధమైన షరతు నూరుసార్లు పెట్టినా చెల్లదని, వలా హక్కు విడిపించినవారిదేనని ప్రకటించారు. సొమ్ము పూర్తిగా పుచ్చుకొని ఏదో ఒక దారం తన చేతిలోనే పట్టుకొని ఉండాలనుకునే మనస్తత్వం ఆనాటిదే. దానికి తీర్పు కూడా ఆనాడే వెలువడింది.

ఇక మన దేశపు చట్టం ఏమంటున్నదో వినండి. హక్కు తెలియనివాడు హక్కును అడగలేడు కనుక ఈ మాట మింబరు మీద చెప్పడం అవసరం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 60వ సెక్షను ప్రకారం, తనఖా సొమ్ము చెల్లించినవాడికి తనఖా దస్తావేజునూ, ఆ ఆస్తికి సంబంధించి తన దగ్గర ఉన్న పత్రాలనూ అప్పిచ్చినవాడు తిరిగి ఇవ్వాలి. ఆ చట్టానికి ఇప్పటికి 140 ఏళ్లు దాటాయి. అయినా పేదవాడు బ్యాంకు మెట్లు ఎక్కి దిగుతూనే ఉన్నాడు.

అందువల్ల భారతీయ రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఒక ఆదేశం జారీ చేసింది. అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. గృహరుణం వంటి వ్యక్తిగత రుణాలు పూర్తిగా తీరిన నాటి నుంచి 30 రోజులలోగా బ్యాంకుగాని, ఫైనాన్సు సంస్థగాని అసలు పత్రాలన్నీ తిరిగి ఇవ్వాలి. రిజిస్ట్రీలో తన పేరున నమోదైన భారాన్ని తొలగించాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున అప్పు తీర్చినవారికి పరిహారం చెల్లించాలి. పత్రాలు పోయినా, పాడైనా నకలు పత్రాలు తెప్పించడంలో సంస్థే సహాయపడి ఆ ఖర్చు భరించాలి; అందుకు మరో 30 రోజుల గడువు ఉంటుంది. అప్పు తీసుకున్నవారు మరణిస్తే వారసులకు పత్రాలు ఎలా ఇస్తారన్న పద్ధతిని కూడా ముందే ప్రకటించి ఉంచాలి. వస్తువు అప్పగించేవరకు బాధ్యత తీరదని మన ఫుఖహాలు ఏనాడో చెప్పిన న్యాయానికి ఇది ఎంత దగ్గరగా ఉందో ఆలోచించండి.

రసీదుకూ, హక్కు పత్రానికీ ఉన్న తేడా మన రాష్ట్రంలోని పేదలకు బాగా తెలిసిన విషయమే. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ అప్పుతో ఇళ్లు కట్టుకున్న ఎన్నో కుటుంబాలు దశాబ్దాల పాటు రిజిస్టరైన హక్కు పత్రం లేకుండానే ఆ ఇళ్లలో కాపురం చేశాయి. 2021 డిసెంబరు 21న తణుకులో ప్రారంభమైన సంపూర్ణ గృహహక్కు పథకం కింద గ్రామాలలో 10,000, మున్సిపాలిటీలలో 15,000, నగరపాలక సంస్థలలో 20,000 రూపాయలు ఒకేసారి చెల్లించినవారికి బాకీ రద్దుచేసి ఇంటిని రిజిస్టరు చేసి ఇస్తామన్నారు. దానిపై అప్పట్లో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. ఆ చర్చ మింబరుకు సంబంధించింది కాదు. మనకు సంబంధించింది ఇది: సొమ్ము కట్టి రసీదుతో ఆగిపోయినవారు మనలో ఎవరైనా ఉంటే, సచివాలయానికి వెళ్లి రిజిస్టరైన పత్రం సంగతి అడగండి. మీ పాత పత్రాలలో అనంతపురం జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి మన మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినంత మాత్రాన పాత పత్రం చెల్లకుండా పోదు. ఎవరో అన్న మాటకు భయపడి దాన్ని పారవేయకండి.

ఈ మాటలు చెప్పి, నా కొరకూ, మీ కొరకూ, సమస్త విశ్వాసుల కొరకూ అల్లాహ్ క్షమాభిక్షను అర్థిస్తున్నాను. మీరూ అర్థించండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త (స)పై దరూద్, సలామ్.

ధర్మసోదరులారా! విన్నది ఆచరణలోకి రావాలి. అందుకని అప్పు తీర్చినవాడు చేయవలసిన పనులు కొన్ని వివరంగా చెబుతాను.

మొదటిది: అప్పు పూర్తిగా తీరిందని, బాకీ ఏమీ లేదని సంస్థ వారి ముద్రతో లిఖితపూర్వకంగా పత్రం తీసుకోండి. నోటిమాట చాలదు. ఫోనుకు వచ్చే సందేశమూ చాలదు.

రెండవది: ఇంటి పత్రాలు తీసుకునేటప్పుడు అప్పు నాడు ఇచ్చిన జాబితాతో పోల్చి చూడండి. అసలు దస్తావేజు ఒక్కటే కాదు, దానికి ముందున్న లింకు దస్తావేజులు కూడా లెక్కకు రావాలి. ఒక్క కాగితం తగ్గినా అక్కడే వ్రాతలో పెట్టించండి.

మూడవది: పత్రం చేతికి వచ్చినా రికార్డులో అప్పు గుర్తు ఉండిపోవచ్చు. తనఖా రిజిస్టరై ఉంటే దాని విడుదల కూడా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు కావాలి. ఆ తరువాత ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, మనవాళ్లు ఈ.సీ. అంటారే అది, తీయించి చూసుకోండి. పొలమైతే రెవెన్యూ రికార్డులో రుణభారం నమోదై ఉందేమో చూసుకోండి.

నాలుగవది వాహనం గలవారికి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం అప్పిచ్చిన సంస్థ పేరు ఆర్.సీ.లో నమోదవుతుంది. కంతులు ముగిసినంత మాత్రాన ఆ పేరు దానంతట అది తొలగిపోదు. సంస్థ వారి నిరభ్యంతర పత్రం, వారు సంతకం చేసిన 35వ నంబరు ఫారం తీసుకొని, ఆర్.సీ.తో పాటు రవాణా శాఖకు దరఖాస్తు చేస్తే ఆ నమోదు రద్దవుతుంది. బీమా పాలసీలో కూడా ఆ పేరు తీయించండి. లేకపోతే రేపు ప్రమాదం జరిగి బండి పూర్తిగా పాడైతే పరిహారం మీ చేతికి రావడానికి అదొక చిక్కు అవుతుంది. ఇది ఒక్క మన దేశపు సంగతి కాదు. అమెరికాలో లారీకి కట్టి లాగుకొనిపోయే ఇళ్లు ఉన్నాయి. చాలా రాష్ట్రాలలో వాటికి వాహనానికి ఉన్నట్టే హక్కు పత్రం ఉంటుంది. అక్కడ కూడా చివరి కంతు కట్టినవాడు, అప్పిచ్చినవాడి చేత హక్కు విడుదల వ్రాయించి, తన ఒక్కడి పేరున పత్రం తెచ్చుకోవలసిందే. ఇల్లు నేల మీద ఉన్నా, చక్రాల మీద ఉన్నా న్యాయం ఒకటే.

ఐదవది: అడిగినా ఇవ్వకపోతే తగాదా పడకండి, బతిమాలుకోకండి. ఆ సంస్థకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఇచ్చినట్టు గుర్తు తీసుకోండి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు. 14448 అనే నంబరుకు ఫోను చేస్తే వివరం చెబుతారు. చదువు వచ్చిన యువకులారా, ఇషా నమాజు తరువాత పది నిమిషాలు కూర్చొని ఒక పెద్దాయనకు ఇటువంటి అర్జీ వ్రాసిపెట్టండి. అల్లాహ్ దగ్గర దానికి పుణ్యం ఉంటుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. బ్యాంకు అప్పులో వడ్డీ ఉంటుంది. వడ్డీని అల్లాహ్ కఠినంగా నిషేధించాడు. పత్రం తెచ్చుకునే దారి చెప్పాను కాబట్టి వడ్డీ అప్పుకు దారి చూపానని ఎవరూ అనుకోవద్దు. అందులో చిక్కినవాడు తౌబా చేసి త్వరగా బయటపడాలి. ఆ బయటపడటంలో పత్రం విడిపించుకోవడం కూడా ఒక భాగం.

సోదరులారా! ఇంతవరకు బ్యాంకుల మాట, సంస్థల మాట చెప్పాను. ఇది వింటూ మనలో కొందరు తలలు ఊపారు. ఇప్పుడు చెప్పబోయేది మన మాట.

ఈ సఫ్‌లలో అప్పు ఇచ్చినవారూ ఉన్నారు. తోటి ముస్లిముకు, పొరుగున ఉన్న హిందూ సోదరునికి చేబదులు ఇచ్చి ప్రామిసరీ నోటు వ్రాయించుకున్నారు. కొందరు సంతకం పెట్టిన ఖాళీ చెక్కు తీసుకున్నారు. కొందరు పాసుపుస్తకం తెచ్చి పెట్టెలో పెట్టుకున్నారు. అప్పు తీరింది. "నోటు ఎక్కడో ఉంది, వెతికి ఇస్తాలే" అన్నారు. తీర్చినవాడు మొహమాటపడి మళ్లీ అడగలేదు. నోటు పెట్టెలో ఉండిపోయింది.

ఆ నోటు ఏమి చేయగలదో తెలుసా? మామూలుగా మూడేళ్ల వరకు దానిపై కోర్టులో దావా వేయవచ్చు. మీరు వేయరు, మీరు నిజాయితీపరులు. కాని మీరు రేపు కన్నుమూస్తే మీ కుమారునికి ఏమి తెలుసు? పెట్టెలో నోటు దొరుకుతుంది, వెనుక చెల్లు వ్రాసి లేదు. ఆ అబ్బాయి మంచి మనస్సుతోనే వెళ్లి మా నాన్న సొమ్ము ఇవ్వమంటాడు. అవతల ఆ రైతు కూడా లేకపోతే, అతని భార్య నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో కూర్చొని ఉంటే, ఆమె ఏమని జవాబు చెప్పగలదు? ఎవరూ అబద్ధం ఆడలేదు. అయినా ఒక ఇంట అన్యాయం జరిగిపోయింది. ఆ అన్యాయానికి మూలం, నోటు తిరిగి ఇవ్వడంలో మీరు చేసిన జాప్యం.

చెల్లించగల స్థోమత ఉండి బాకీ జాప్యం చేయడం దౌర్జన్యమని మహాప్రవక్త (స) హెచ్చరించారు. సొమ్ము విషయంలో జాప్యం దౌర్జన్యమైతే, ఖర్చే లేని కాగితం విషయంలో జాప్యానికి ఏ సాకు ఉంది? కాబట్టి సొమ్ము అందిన రోజే, ఇద్దరు సాక్షుల ఎదుట, నోటు వెనుక పూర్తిగా చెల్లు వ్రాసి తీర్చినవారి చేతిలో పెట్టండి. నోటు కనిపించకపోతే సొమ్ము ముట్టిందనీ, ఆ నోటు ఎప్పుడు బయటపడినా చెల్లదనీ వేరే కాగితం మీద వ్రాసి సంతకం చేసి ఇవ్వండి. ఖాళీ చెక్కులు, పాసుపుస్తకాలు ఈ రోజే ఇళ్లకు వెళ్లి వెతకండి. ఎవరిది వారికి అప్పగించండి. అవతలివారు ముస్లిమా, ముస్లిమేతరుడా అన్న తేడా అమానత్‌లో లేదు. మక్కావాసులు దైవప్రవక్త (స)ను హింసిస్తున్న రోజులలో కూడా తమ విలువైన వస్తువులను ఆయన వద్దనే దాచుకునేవారు. హిజ్రత్ చేసి మదీనాకు బయలుదేరినప్పుడు, ఆ అమానత్‌లను హక్కుదారులకు అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచి వెళ్లారు. తమను చంపదలచిన వారి వస్తువులను కూడా తిరిగి ఇప్పించిన ప్రవక్త అనుచరులం మనం.

చివరిగా ఇంటి యజమానులకు ఒక మాట. వ్రాయించవలసిన వీలునామా ఉన్న ముస్లిము దాన్ని వ్రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు బోధిస్తుంది. ఈ రాత్రే ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ ఏ పత్రం ఎక్కడ ఉంది, ఏ అప్పు తీరింది, ఏది తీరలేదు, ఎవరి కాగితాలు మీ దగ్గర ఉన్నాయి, ఇవన్నీ వ్రాయండి. భార్యకు చూపించండి, కుమారులకూ కుమార్తెలకూ చెప్పండి. అప్పులు, వీలునామా తీరాకనే వారసత్వ భాగాలు పంచాలని సూరహ్ నిసా ఆదేశించింది. అప్పు తీరినా పత్రం దొరకని ఇంట్లో ఆ పంపకం ఏళ్ల తరబడి ఆగిపోతుంది. ఆగిన చోట అందరికంటే ముందు నష్టపోయేది ఆడబిడ్డ భాగం. తండ్రి చెమటతో విడిపించిన ఇల్లు కుమార్తెకు చేరకుండా పోయిందంటే, దానికి కారణం తెచ్చుకోని ఒక పత్రం కావచ్చు.

రండి, చేతులెత్తి ప్రార్థిద్దాం.

ఓ అల్లాహ్! అప్పుల భారం నుంచి, మనుషుల దౌర్జన్యం నుంచి మమ్మల్ని కాపాడు. నిషిద్ధమైన దానికి దూరంగా, ధర్మసమ్మతమైన దానితోనే మాకు సరిపెట్టు. మా వద్ద ఉన్న అమానత్‌లను హక్కుదారులకు చేర్చే బుద్ధినీ, ధైర్యాన్నీ ప్రసాదించు. పరుల చేతుల్లో ఉన్న మా హక్కులను సులభంగా మాకు చేర్చు. అప్పుతో మరణించిన మా పెద్దలను క్షమించు, వారి అప్పులు తీర్చే స్థోమత వారి బిడ్డలకు కలిగించు. ఈ ఎండిన నేలపై మేలైన వర్షం కురిపించు. మా చెరువులను, మా బావులను నింపు. కుదువ పెట్టనవసరం లేని జీవనోపాధిని మా రైతులకు, కూలీలకు, ఆటో కార్మికులకు అనుగ్రహించు. మా ఊరిలోని అన్ని మతాల వారి మధ్య నమ్మకాన్ని నిలబెట్టు. మా చివరి లెక్క నీ ముందు విప్పబడే రోజున, ఎవరి కాగితమూ, ఎవరి హక్కూ మా మెడకు చుట్టుకొని ఉండకుండా చేయి. ఆమీన్.

సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. లేవండి, సఫ్‌లు సరిచేసుకోండి.